పరిసరాలు, వరణం, వారసత్వం

మన సాహిత్య విమర్శలో ఎక్కువగా చలామణీ అయ్యే మాటల్లో “పరిసరాలు” ఒకటి. ఒక పాత్ర ఎందుకు అలా ప్రవర్తించిందని ఎవరైనా అడిగితే పరిసరాల ప్రభావమని జవాబు చెబుతాం. ఈ మాటకు ఎదురుగా నిలబడి ఉన్న పాత మాట “రక్తం”. “ఆ వంశంలో పుట్టినవాడికి మరే బుద్ధులు వస్తాయి?” అని కథలో ఒక పెద్దమనిషి అంటే, రచయిత ఎవరి పక్షాన ఉన్నాడో చూడటం మనకు అలవాటు. ఆ అలవాటు మంచిదే. అయితే రక్తాన్ని తోసేసి దాని చోట నిలబెట్టిన మాటను మనం ఎంత శాస్త్రీయంగా అర్థం చేసుకున్నాం? పరిసరాలు ప్రాణిని ఏ విధంగా మారుస్తాయి, ఆ మార్పు తర్వాతి తరానికి ఏ దారిన చేరుతుంది అని నిలదీస్తే మనలో చాలామంది దగ్గరున్నది జిరాఫీ మెడ కథ ఒక్కటే. అందని ఆకుల కోసం జిరాఫీ మెడ చాచింది, మెడ సాగింది, సాగిన మెడ పిల్లకు వచ్చింది. 1809లో లామార్క్ ఇచ్చిన వివరణ అది. తర్వాతి పరిశోధన దాన్ని నిలబెట్టలేదు.

ఇది సైన్సు మాస్టార్లు చూసుకోవలసిన సంగతి అనుకోవడానికి వీల్లేదు. కొడవటిగంటి కుటుంబరావు సైన్సు వ్యాసాలు రాసినా, నండూరి రామమోహనరావు మానవ పరిణామాన్ని “నరావతారం”గా చెప్పినా, రచయితకూ పాఠకుడికీ ఈ జ్ఞానం అవసరమనే రాశారు. పరిసరాలకూ వారసత్వానికీ ఉన్న సంబంధాన్ని స్పష్టంగా చూపే ఒక ఉదాహరణను తీసుకుని, ఆ తర్వాత మన విమర్శకు వద్దాం.

ఆ ఉదాహరణ ఒక చిన్న చేప. పేరు గప్పీ. దోమపిల్లలను తింటుందని మన ఊళ్ళ బావుల్లోనూ నీటి తొట్లలోనూ వదిలే చేపల్లో ఇదీ ఒకటి. గాజు తొట్లలో అందం కోసం పెంచేవాళ్ళూ ఉన్నారు. మగ చేప అంగుళం పొడవు ఉంటుంది. దాని ఒంటి మీద నారింజ, నలుపు, నీలం మచ్చలుంటాయి. ఆడ చేపకు అంత రంగు ఉండదు. అది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. దీని సొంత చోటు దక్షిణ అమెరికా ఈశాన్య భాగమూ, దాని పక్కనే ఉన్న ట్రినిడాడ్ దీవీ. భూమధ్యరేఖకు పది పదకొండు డిగ్రీల ఉత్తరాన ఉన్న ఆ దీవి ఉత్తర భాగంలో కొండల వరస ఉంది. ఆ కొండల మీంచి అరీపో, గ్వానాపో, తురూరే వంటి ఏళ్ళు జలపాతాలుగా దూకుతూ కిందికి వస్తాయి.

జలపాతానికి దిగువన గప్పీలను వేటాడే పెద్ద చేపలుంటాయి. అవి ముఖ్యంగా ఎదిగిన గప్పీలను మింగుతాయి. జలపాతం ఎక్కలేవు గనక ఎగువన వాటి బెడద లేదు. అక్కడ ఉన్న శత్రువు రివ్యులస్ అనే చిన్న చేప ఒక్కటే. దాని నోరు చిన్నది. అది ఎక్కువగా గప్పీ పిల్లల్నే తినగలదు. అదే ఏరు, అదే జాతి చేప. మధ్యనున్నది కొన్ని గజాల రాతిగోడ. అయినా రెండు వైపులా గప్పీలు రెండు రకాలుగా ఉంటాయి. దిగువ మగ చేపల మీద మచ్చలు తక్కువ, రంగు మందం. ఎగువ మగ చేపలు రంగులతో మెరుస్తాయి. దిగువ చేపలు చిన్న వయసులోనే ఈడేరి, చిన్న చిన్న పిల్లల్ని ఎక్కువ సంఖ్యలో కంటాయి. ఎగువ చేపలు ఆలస్యంగా ఈడేరి, తక్కువ మందిని, కాస్త పెద్ద పిల్లల్ని కంటాయి.

ఎందుకిలా? దిగువ గప్పీ పెద్ద చేపను చూసి భయపడి తన రంగు తగ్గించుకుందనీ, ఆ తగ్గిన రంగు కొడుకుకు ఇచ్చిందనీ చెప్పడం జిరాఫీ కథను నీళ్ళలోకి దింపడమే. ఏ గుంపు గప్పీలను చూసినా అన్నీ ఒక్కలా ఉండవు. కొన్నిటికి పుట్టుకతోనే మచ్చలెక్కువ, కొన్నిటికి తక్కువ. కొన్ని త్వరగా ఈడేరతాయి, కొన్ని ఆలస్యంగా. ఈ తేడాల్లో కొంత భాగం జన్యువుల్లోనిది. దిగువన మెరిసే మగ చేప ముందుగా శత్రువు కంట పడుతుంది. ఆలస్యంగా ఈడేరే ఆడ చేప పిల్లల్ని కనకముందే ఎవరికో ఆహారమవుతుంది. వాటి జన్యువులు తర్వాతి తరంలో తగ్గిపోతాయి. ఎగువన మగ చేపల మధ్య తేల్చేది ఎక్కువగా ఆడ చేపల ఇష్టం. మెరిసే మగవాటికే అవి మొగ్గుతాయి గనక అక్కడ రంగులు పెరుగుతాయి. ఏ ఒక్క చేపా తన జన్యువుల్ని మార్చుకోలేదు. గుంపులో ఏ జన్యువులు ఎంత పాలు ఉన్నాయన్నది మాత్రం తరతరానికీ మారింది. ప్రకృతి వరణం అంటే ఇదే.

ఇదంతా ఊహ కాదని చూపినవాడు జాన్ ఎండ్లర్. ఆయన 1976లో అరీపో ఏటిలో శత్రువులున్న చోటి గప్పీలను పట్టి, అంతకు ముందు గప్పీలే లేని ఒక పాయలో వదిలాడు. అక్కడున్నది రివ్యులస్ మాత్రమే. రెండేళ్ళకే అక్కడి మగ చేపలు రంగు తేలాయి. పదకొండేళ్ళ తర్వాత, అంటే 30 నుంచి 60 తరాల తర్వాత, డేవిడ్ రెజ్నిక్ ఆ చేపల సంతతిని పరిశీలించాడు. అవి ఆలస్యంగా, పెద్ద పరిమాణంలో ఈడేరుతున్నాయి. తక్కువ మందిని, పెద్ద పిల్లల్ని కంటున్నాయి. 1990లో వెలువడిన ఈ పరిశోధనలో మనం గమనించవలసిన జాగ్రత్త ఒకటుంది. కొత్త పాయలో దొరికిన చేపలనూ పాత చోటి చేపలనూ ప్రయోగశాలలో ఒకే నీటిలో, ఒకే తిండితో రెండు తరాల పాటు పెంచాకే వాటిని పోల్చారు. తేడా పరిసరాలు నేరుగా పెట్టిన ముద్ర మాత్రమే అయితే, పరిసరాలు ఒకటయ్యాక అది మాయం కావాలి. అది మాయం కాలేదు. అంటే తేడా అనువంశికమైంది.

ఎండ్లర్ మరో ప్రయోగం చేశాడు. కట్టించిన కొలనుల అడుగున కొన్నిటిలో సన్న రాళ్ళు, కొన్నిటిలో ముతక రాళ్ళు పరిచాడు. వేటాడే పెద్ద చేపలు ఉన్న కొలనుల్లో గప్పీల మచ్చలు తరాలు గడిచేకొద్దీ రాళ్ళ పరిమాణానికి దగ్గరయ్యాయి. శత్రువు లేని కొలనుల్లో దానికి వ్యతిరేకంగా, అడుగు మీద కొట్టొచ్చినట్టు కనిపించే మచ్చలు పెరిగాయి. రాళ్ళు తమంతట తాము చేప ఒంటి మీద బొమ్మ వెయ్యలేదు. చూసి తినే కన్ను, చూసి ఎంచుకునే కన్ను మధ్య ఉంటేనే రాయికి ప్రభావం వచ్చింది.

అలాగని పరిసరాల ప్రత్యక్ష ప్రభావమే లేదనడం రెండో తప్పు. గప్పీ మీది నారింజ రంగులో కొంత భాగం ఆహారంలోంచి, ముఖ్యంగా నాచులోంచి వస్తుంది. చెట్లు దట్టంగా కమ్మిన ఏటిలో ఎండ తక్కువ, నాచు తక్కువ. అక్కడ చేపకు ఆ రంగు పదార్థం చాలినంత దొరకదు. ఇది ఒక జీవితకాలంలో జరిగే మార్పు. అలాటి మార్పే మెల్లగా వారసత్వమవుతుందని కొందరు అనుకుంటారు. 2015లో వచ్చిన ఒక పరిశోధన ఈ నమ్మకాన్ని గట్టిగా కుదిపింది. శత్రువులున్న చోటునుంచి లేని చోటికి తరలించిన గప్పీల మెదడులో ఏ జన్యువులు ఎంతగా పనిచేస్తున్నాయో అందులో కొలిచారు. కొత్త పరిసరాలు ఒక చేపలో నేరుగా తెచ్చే మార్పు ఒక దిక్కున ఉంటే, కొన్ని తరాల వరణం తెచ్చిన మార్పు అత్యధిక జన్యువుల్లో దానికి ఎదురు దిక్కున ఉంది. పరిసరాలు పెట్టిన ముద్ర తరతరాలుగా చిక్కనవుతుందనే చిత్రం ఇక్కడ తలకిందులైంది.

రక్తాన్ని నమ్మేవాళ్ళు తప్పక తెలుసుకోవలసింది మరొకటుంది. ఈ కొండల ఏళ్ళు కొన్ని పడమటకు పారి కరోనీ నదిలో, కొన్ని తూర్పుకు పారి ఒరోపూషే నదిలో కలుస్తాయి. ఈ రెండు నదుల గప్పీలు చాలాకాలంగా విడిపోయి ఉన్నాయి; జన్యువుల మొత్తాన్ని చూస్తే వాటి మధ్య దూరం ఎక్కువ. ఈ దూరంలో చాలా భాగం వరణం తెచ్చింది కాదు. విడిపోయిన గుంపుల్లో మంచికీ చెడ్డకూ పనికిరాని తేడాలు కూడా కేవలం కాలవశాన, యాదృచ్ఛికంగా పోగుపడతాయి. ఒకే ఏటి ఎగువ దిగువ చేపలు మాత్రం దగ్గర చుట్టాలు. మరి పోలిక చూస్తే? ఈ నది ఎగువ చేప తన దిగువ చుట్టం కంటే ఆ నది ఎగువ చేపను ఎక్కువగా పోలి ఉంటుంది. ఒకే రకం బతుకు బతకవలసి రావడం చేత వేరువేరు వంశాలు ఒకే రూపానికి వచ్చాయి. పోలికను చూసి వంశాన్ని నిర్ణయించేవాడు ఇక్కడ తప్పులో కాలేస్తాడు. వంశాన్ని చూసి గుణం చెప్పేవాడూ అంతే.

ఎగువా దిగువా ఇలా విడివడటానికి జలపాతం సాయపడింది. కింది చేప పైకి ఎక్కలేదు. పై చేప మాత్రం వరదలో కొట్టుకొచ్చి కిందివాటితో కలవగలదు. 1957లో కారిల్ హాస్కిన్స్ కరోనీ వైపు చేపల్ని ఒరోపూషే వైపున్న తురూరే ఏటి ఎగువన వదిలితే, వాటి జన్యువులు తర్వాతి దశాబ్దాల్లో దిగువకు వ్యాపించాయి. ఇలాటి కలయిక తేడాలను చెరిపెయ్యాలి గదా అనే సందేహం న్యాయమైంది. సాధారణంగా చెరిపేస్తుంది కూడా. అయితే వరణం బలంగా ఉన్న చోట కలయిక జరుగుతున్నా తేడా నిలుస్తుంది. దీనికి నేల మీది సాక్ష్యం ఆఫ్రికాలోని కామెరూన్‌లో ఉంది. అక్కడ లిటిల్ గ్రీన్‌బుల్ అనే పిట్ట దట్టమైన వానల అడవిలోనూ, అడవి పలచబడి గడ్డినేలగా మారే అంచుల్లోనూ ఉంటుంది. రెండు చోట్ల పిట్టలూ జతకూడుతూనే ఉన్నాయి. మధ్య ఏ గోడా లేదు. అయినా రెక్కలోనూ కాలిలోనూ ముక్కులోనూ అవి తేడాగా ఉన్నాయని థామస్ స్మిత్ బృందం 1997లో చూపింది.

ఇక మన సంగతి. వారసత్వాన్ని తప్పుగా అర్థం చేసుకుంటే ఏమవుతుందో అభ్యుదయ శిబిరానికి చేదు అనుభవం ఉంది. ఆనాటి సోవియట్ యూనియన్‌లో లైసెంకో, పరిసరాలను మార్చి పైరు వారసత్వాన్నే కోరిన విధంగా మార్చవచ్చునన్నాడు. జన్యుశాస్త్రం బూర్జువా శాస్త్రమని ముద్ర పడింది. ప్రపంచమంతా తిరిగి పంట విత్తనాలు సేకరించిన వావిలోవ్‌ను 1940లో అరెస్టు చేశారు. 1943లో ఆయన సరాటోవ్ జైలులో చనిపోయాడు. 1948 ఆగస్టు సమావేశంతో లైసెంకో మాటే అధికారిక సిద్ధాంతమైంది. 1965 దాకా ఆయన పెత్తనం పూర్తిగా పోలేదు. వరణాన్ని లెక్కల్లోకి తెచ్చిన మహా శాస్త్రజ్ఞుడు, కమ్యూనిస్టు అయిన హాల్డేన్ కూడా లైసెంకోను బహిరంగంగా ఖండించడానికి చాలాకాలం తటపటాయించాడు. ఆయనే 1957లో మన దేశానికి వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఆయన శిష్యుడే. “పరిసరాలే సర్వస్వం” అనే వాక్యం వినడానికి భౌతికవాదంలా ఉంటుంది. రుజువును లెక్కచెయ్యని వాక్యం ఎంత ఎర్రగా కనిపించినా భౌతికవాదం కాదు.

అవతలి శిబిరం తప్పు ఇంతకంటే పాతది, ఇంకా బతికున్నది. బలవంతుడిదే రాజ్యమని డార్విన్ నెత్తిన రుద్ది, దోపిడీని ప్రకృతి ధర్మంగా చూపేవాళ్ళున్నారు. కులగుణం పుట్టుకలో ఉంటుందనేవాళ్ళు ఇప్పుడు జన్యువు అనే కొత్త మాట నేర్చుకున్నారు. వాళ్ళకు గప్పీయే జవాబు చెబుతుంది. దిగువన నెగ్గిన రంగు ఎగువన ఓడింది. అన్ని చోట్లా ఉత్తమమైన జన్యువంటూ లేదు. పైగా మనిషి తన అనుభవాన్ని భాషతో, పనితో, చదువుతో పిల్లలకు అందిస్తాడు. ఈ అందింపుకు జన్యువు మారనక్కరలేదు. వెట్టి చేసిన తండ్రి కొడుకు తల వంచుకుని నడిస్తే అది వరణమూ కాదు, వారసత్వమూ కాదు. భూస్వామి ఇంకా ఊళ్ళో ఉన్నాడని అర్థం. గప్పీ కథను మనిషి మీదికి ఉన్నదున్నట్టు దింపకూడదనేది అందుకే.

సాహిత్యంలో ఈ గందరగోళం పెద్ద రచయితలకూ తప్పలేదు. ఎమీల్ జోలా 1871 నుంచి 1893 దాకా ఒక కుటుంబం చుట్టూ ఇరవై నవలలు రాసి, వారసత్వమూ పరిసరాలూ మనుషుల్ని ఎలా నడుపుతాయో చూపాలనుకున్నాడు. మెండెల్ పరిశోధన లోకానికి తెలిసింది 1900లో. జోలా వారసత్వ సిద్ధాంతం ఇవాళ నిలబడదు; గని కార్మికుల ఆకలినీ సమ్మెనూ ఆయన చూసిన చూపు నిలబడింది. మన కథల్లో తాగుబోతు కొడుకు తాగుబోతే అయినప్పుడు విమర్శకుడు అడగవలసిన ప్రశ్న కూడా ఇక్కడే ఉంది. రచయిత ఆ ఇంటినీ, ఆ కూలినీ, ఆ సారా దుకాణాన్నీ చూసి రాశాడా, లేక రక్తం మీదో “పరిసరాలు” అనే మాట మీదో భారం వేసి ఊరుకున్నాడా?

చివరిగా ఒక మాట. లెవిన్స్, లెవాంటిన్ అనే ఇద్దరు మార్క్సిస్టు జీవశాస్త్రజ్ఞులు 1985లో వచ్చిన “డయలెక్టికల్ బయాలజిస్ట్” గ్రంథంలో, జీవి పరిసరాలకు లొంగే వస్తువు మాత్రమే కాదు, వాటిని మార్చేది కూడా అని వాదించారు. గప్పీల్లో ఇది ప్రయోగంలో తేలింది. ఎగువ గప్పీలు నాచు ఎక్కువ తింటాయి, దిగువవి పురుగులు ఎక్కువ తింటాయి. ఏ రకం చేపలున్నాయన్నదాన్ని బట్టి ఆ నీటిలో నాచూ పురుగులూ మారిపోతాయి. మారిన ఆ నీటిలోనే తర్వాతి తరం బతకాలి. చేపకు తాను చేసే మార్పు తెలియదు. మనిషికి తెలుసు, తెలిసి చెయ్యగలడు. పాత్రను పరిసరాల చేతిలో బొమ్మగా రాసి దాన్నే వాస్తవికత అనుకునే రచయిత ఈ సగాన్ని వదిలేస్తున్నాడు. ఆ సగాన్ని అడిగి రాబట్టడం విమర్శకుల పని.