బిడ్డ ఒక్కటే, గుమ్మాలు అనేకం

ఒక ఇంట బిడ్డ పుట్టినది మొదలు ఆ ఇంటికి కావలసినవి ఒకదానివెంట ఒకటిగా వచ్చిపడతాయి. ఇరవైయొక్క రోజులలోగా జననం నమోదు చేయించవలెను. వేళకు టీకాలు వేయించవలెను. తల్లికి పుష్టికరమైన ఆహారం కావలెను. బిడ్డ బరువు సరిగా పెరుగుతున్నదో లేదో చూచుకొనవలెను. మూడేండ్లు నిండితే ఆటపాటలు, ఆపైన బడి. తల్లి దృష్టిలో ఇవి వేరువేరు విషయాలు కావు. బిడ్డను పెంచడమనే ఒకే పని. కాని ప్రభుత్వ వ్యవస్థలో టీకా ఆరోగ్యశాఖది; అంగన్‌వాడీ ఆహారం స్త్రీ శిశు సంక్షేమశాఖది; బడి విద్యాశాఖది; ఊరి మంచినీరు, పారిశుద్ధ్యం పంచాయతీరాజ్ వ్యవస్థవి; చౌకడిపో బియ్యం పౌరసరఫరాల శాఖవి. ఒక్క బిడ్డకోసం తల్లి అయిదారు గుమ్మాలు ఎక్కవలసివస్తున్నది. ఎక్కిన ప్రతి గుమ్మం దగ్గరా తన కథను మొదటినుంచీ చెప్పుకొనవలసివస్తున్నది.

ఈ గుమ్మాలవారందరినీ ఒకచోట కూర్చుండబెట్టే ప్రయత్నమే బాలల సేవలు, కుటుంబాల సేవలను గురించిన సమన్వయ సదస్సు. ఇటువంటివి జిల్లా కేంద్రాలలో తరచు జరుగుతూనే ఉన్నవి. పత్రికలో నాలుగు వాక్యాల వార్త చూచి మనం పుట తిప్పివేస్తాం. అసలు ఇవి ఎందుకు అవసరమైనవి, వీటికి వెళ్లినవారు చేయవలసినదేమిటి, మన వీధిలోని బిడ్డకు వీటివల్ల ఒరిగేదేమిటి అన్నది కొంచెం విచారించుదాం.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షురాలు మన రాజమహేంద్రవరంలో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె హయాంలో మరుసటి సంవత్సరం మొదలైన గ్రామ సంక్షేమ విస్తరణ పథకాలలో బాలవాడి, ప్రసూతి సేవ, స్త్రీలకు అక్షరజ్ఞానం, చేతిపనులు ఒకే గొడుగు క్రిందికి వచ్చినవి. బిడ్డను తల్లినుంచి, తల్లిని ఇంటినుంచి విడదీసి చూడరాదన్నదే అందులోని మూలసూత్రం. 1978 సెప్టెంబరులో ఆనాటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా ఆటా నగరంలో జరిగిన అంతర్జాతీయ సదస్సు కూడ ఇటువంటి మాటే చెప్పినది. ప్రజల ఆరోగ్యం ఆరోగ్యశాఖ ఒక్కదానివల్ల సిద్ధించేది కాదనీ, వ్యవసాయం, ఆహారం, విద్య, గృహవసతి మొదలైన రంగాలన్నీ కలిసి పనిచేయవలెననీ 134 దేశాల ప్రతినిధులు అక్కడ అంగీకరించారు.

మన అంగన్‌వాడీలకు మూలమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న, దేశంలో 33 చోట్ల ప్రారంభమైనది. అందులోని సేవలు ఆరు: అదనపు ఆహారం, బడికి ముందటి విద్య, తల్లులకు ఆరోగ్య పోషణ బోధ, టీకాలు, వైద్యపరీక్ష, అవసరమైనప్పుడు పెద్ద ఆసుపత్రికి పంపడం. వీటిలో చివరి మూడూ ఆరోగ్యశాఖ సహాయం లేనిదే సాగవు. అనగా, రెండు శాఖలు చేయి కలపకపోతే పథకంలో సగం కాగితం మీదనే మిగిలిపోయే విధంగా దాని నిర్మాణమే ఉన్నది. సమన్వయం ఇక్కడ మర్యాదకోసం పెట్టుకొన్న మాట కాదు. అది లేకపోతే పని లేదు.

చేయి కలిపితే ఏమి జరుగుతుందో మనం కండ్లారా చూచాము. 1995లో మన దేశంలో పల్స్ పోలియో కార్యక్రమం ఆరంభమైనది. నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఉపాధ్యాయులు, స్వచ్ఛంద సేవకులు ఒకే నాడు ఒకే పనికి పూనుకొన్నారు. రైల్వేస్టేషన్లలో, బస్సుస్టాండులలో, ఇటుకబట్టీల దగ్గర కూడ చుక్కలు వేశారు. మనదేశంలో ప్రకృతిసిద్ధమైన పోలియో క్రిమి వల్ల వచ్చిన కడపటి కేసు 2011 జనవరిలో హౌరాలో కనబడినది. 2014 మార్చి 27న మనదేశం పోలియో లేనిదిగా ధ్రువీకరణ పొందినది.

పోషణ విషయంలో అంతటి విజయం ఇంకా చేకూరలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేండ్లలోపు పిల్లలలో వయసుకు తగిన ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31 మంది, తెలంగాణలో 33 మంది. రక్తహీనత ఉన్న పసివారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మంది, తెలంగాణలో 70 మంది. దీనికి కారణం ఒక్క తిండి కొరతే అనుకొనరాదు. కలుషితమైన నీరు త్రాగిన బిడ్డకు విరేచనాలు పట్టుకొంటే తిన్న అన్నం ఒంటబట్టదు. పెండ్లీడు రాకముందే పెండ్లియై, రక్తం చాలని తల్లికి పుట్టే బిడ్డ బరువు తక్కువగా ఉండవచ్చును. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూలికి పోయే తల్లికి బిడ్డకు నాలుగుసార్లు తినిపించే తీరిక ఉండదు. నీరు ఒక శాఖ, పెండ్లి వయసు మరొక శాఖ, కూలి ఇంకొక శాఖ. కాని ఇవన్నీ కలిసే చోటు మాత్రం ఒకే బిడ్డ శరీరం.

ఇక సదస్సు సంగతి. ప్రసారానికి విషయం సేకరించే నిమిత్తం ఒక జిల్లాలో జరిగిన ఇటువంటి సమావేశానికి నేను వెళ్లాను. ఉదయమంతా ప్రతి శాఖవారూ తమ అంకెలు చదివారు. అవి అబద్ధాలు కావు. మధ్యాహ్నం కలెక్టరుగారు వెనుక వరుసలో కూర్చున్న ఒక అంగన్‌వాడీ కార్యకర్తను చూచి, “ఏమమ్మా, మీరేమీ మాట్లాడలేదు?” అని అడిగారు. ఆమె లేచి ఒక బిడ్డ సంగతి చెప్పినది.

ఆ పాపకు పందొమ్మిది నెలలు. దండచేతి కొలత పదకొండున్నర సెంటీమీటర్లకన్న తక్కువ వచ్చినది. కొలత పట్టీలో అది ఎర్రరంగు గడి. అనగా తీవ్రమైన పోషకాహార లోపం. పాపను పోషకాహార పునరావాస కేంద్రంలో రెండు వారాలు ఉంచవలెనని చీటీ వ్రాసి ఇచ్చారు. మంచం సిద్ధంగానే ఉన్నది. కాని తల్లి వెళ్లలేదు. “పెద్దవాణ్ణి ఎవరి దగ్గర వదలను? పదునాలుగు రోజుల కూలి ఎవరిస్తారు?” అన్నదట. ఆ మాటకు జవాబు దొరికేలోగా కుటుంబమంతా ఇటుకబట్టీకి వలసపోయినది. “చీటీ నా రిజిస్టరులోనే ఉన్నది, సార్. పాపే లేదు” అని ఆమె కూర్చున్నది.

సభలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎవరి విధి వారు నెరవేర్చారు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కాని విధికీ విధికీ నడుమనున్న సందులోనుంచి ఆ పాప జారిపోయినది. పెద్దవాడి సంరక్షణ ఏ శాఖదీ కాదు. కూలి సంగతి చూడవలసిన కార్మికశాఖకు ఆనాడు ఆహ్వానమే లేదు.

ఆపైన జరిగినదే అసలైన సదస్సు. మూడు పనులు, మూడు పేర్లు, మూడు తేదీలు నల్లబల్లపైన వ్రాశారు. బట్టీ ఉన్న మండలపు సూపర్‌వైజరుకు ఫోను చేసి పాపను వెదికించడం ఒకరి వంతు. పెద్దవాణ్ణి అమ్మమ్మ దగ్గర ఉంచి, ఆ ఊరి అంగన్‌వాడీలో భోజనం పెట్టించడం మరొకరి వంతు. జిల్లాలోని బట్టీల జాబితా తెప్పించడం ఇంకొకరి వంతు. తరువాతి సమావేశంలో మొట్టమొదట చదివినవి ఈ మూడే. పాప దొరికినది, చికిత్సకు చేరినది. అన్నకు భోజనం అందుతున్నది. బట్టీల జాబితా మాత్రం అప్పటికి రాలేదు. రాలేదని అందరి యెదుట చెప్పవలసి వచ్చినందువల్లనే అది ఆ వారంలో వచ్చినది.

ఇటువంటి సదస్సుకు పోయేవారు గుర్తుంచుకొనవలసినవి ఇందులోనే ఉన్నవి. అంకెలతోపాటు ఒక్క బిడ్డ నడిచిన దారిని మొదటినుంచి చివరిదాకా తెలుసుకొని వెళ్లవలెను. ఆ దారి ఎక్కడ తెగినదో అక్కడే సేవకు చికిత్స కావలెను. పల్లెలో పనిచేసేవారికీ, వీలైతే తల్లులకూ చివర కాక మొదటనే మాట్లాడే అవకాశం ఈయవలెను. తీర్మానం చివర ‘చర్యలు తీసుకొనబడును’ అని వ్రాసి ఊరుకొనక, ఎవరు, ఏమి, ఎప్పటిలోగా అన్న మూడింటిని వ్రాసుకొనవలెను. మరుసటి సమావేశాన్ని వాటితోనే ఆరంభించవలెను.

మరొక జాగ్రత్త కూడ ఉన్నది. బిడ్డ కథ చెప్పవలెనుగాని, బిడ్డ పేరు పదిమందిలో చాటరాదు. రక్షణ అవసరమైన బాలల పేరు, ఊరు, బడి, గుర్తులు పత్రికలలోగాని ప్రసారాలలోగాని వెల్లడించడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నిషేధిస్తున్నది. మా వంటి వారికి ఇది చట్టం. సభలో కూర్చున్నవారికి ఇది సంస్కారం. సహాయం చేయబోయి ఆ ఇంటి గుట్టును వీధిలో పెట్టరాదు గదా.

అధికారుల సభలతో మనకేమి పని అని గృహస్థులు అనుకొనరాదు. నెలకొకసారి అంగన్‌వాడీ కేంద్రంలో జరిగే ఆరోగ్య పోషణ దినం కూడ ఒక చిన్న సదస్సే. నర్సు, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త ఆనాడు ఒకచోట ఉంటారు. తల్లికి ఒకే గుమ్మం ఎక్కే వీలు ఆ ఒక్కరోజే కలుగుతుంది. మీ ఇంట గిన్నెలు తోమే అమ్మాయికి ఆ రోజు ఏదో తెలియకపోవచ్చును. తెలిసినా సెలవు దొరకకపోవచ్చును. ఆ తేదీ కనుగొని చెప్పి, ఆ పూట పనికి రానక్కరలేదని జీతం తగ్గించకుండా పంపడం మన చేతిలోని పని. మీ వీధి చివర కట్టే మేడ దగ్గర ఇసుకకుప్పమీద ఆడుకొనే పసివాడి పేరు ఈ ఊరి అంగన్‌వాడీలో ఉన్నదా అని అడగడం కూడ మన చేతిలోనిదే. ఆపదలో ఉన్న బిడ్డ కనబడితే 1098 నంబరుకు ఫోను చేయవచ్చును.

జిల్లా సభలో పది శాఖలు కలిసి వ్రాసుకొన్న తీర్మానం చివరకు చేరవలసినది ఆ ఇసుకకుప్ప దగ్గరికే. అక్కడ బిడ్డ ఉన్నాడని చెప్పగలిగినవారు చాలసార్లు ఆ వీధిలో కాపురమున్న మనమే.