బయోచిప్పు ఆయుర్దాయము - చీమలు నేర్పిన ఉపాయము

రక్తమును పరీక్షించి రోగము జాడ తెలిసికొనుట వైద్యమున ముఖ్యమైన పని. మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డునందు ఫిస్కే పండితునితో గూడి, రక్తములోని భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. నాడు ఇట్టి పరీక్షలు గాజునాళికలలో జరిగెడివి. నేడు అరచేతిలో ఇముడు పలకపై ఒక్క చిన్న బొట్టుతోనే పరీక్ష చేయు సాధనము కలదు. దానిని మైక్రోఫ్లూయిడిక్ బయోచిప్పు అందురు.

తామరాకుపై నీటిబొట్టు అంటక గుండ్రముగా నిలుచుట మీరెరుగుదురు. ఈ పలకపైనను నీటినంటని పూత యుండును. పూతక్రింద విద్యుత్తును అడ్డగించు పలుచని పొరయు, దాని క్రింద చదరంగపు బల్లవలె వరుసలు తీరిన లోహపు గడులును ఉండును. బొట్టు ప్రక్కనున్న గడికి విద్యుత్తు నిచ్చినంతనే బొట్టు ఆ వైపునకు పరచుకొని దానిపైకి జరుగును. ఇట్లు గడినుండి గడికి నడిపించి, రక్తపుబొట్టును రసాయనపు బొట్టుతో కలిపి, రంగు చూతురు. విద్యుత్తువలన పాదరసము తలతన్యత మారునని లిప్‌మన్ 1875లోనే చూపెను. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు గడులపై బొట్లను నడపుటను 2000లో ప్రకటించి, 2004లో రక్తములోని చక్కెరను ఇట్టి పలకపైనే రంగునుబట్టి కొలిచి చూపిరి. నవజాత శిశువుల ఎండిన రక్తపుచుక్కలలో కొన్ని పుట్టురోగములను పసిగట్టు ఇట్టి యంత్రమునకు 2017లో అమెరికాలో అనుమతి లభించెను.

అయితే గడులకును అలసట కలదు. విద్యుత్తు నిచ్చిన కొలది కొంత ఆవేశము పైపొరలో చిక్కుకొని పోవును. పలుమార్లు ఇట్లయిన గడి బొట్టును సరిగా లాగజాలదు. తుదకు పొరయే చిల్లిపడును. ఒక్కసారి వాడి పారవేయు పలకలకు ఈ చింత స్వల్పము. మరల మరల వాడవలసిన పలకకు మాత్రము ఇదియే ప్రాణసంకటము.

మన నరసాపురము చుట్టునున్న వరిచేల గట్లను తలచుకొనుడు. దగ్గరిదారి యని అందరును ఒక్క గట్టుమీదనే నడచినచో ముందు ఆ గట్టే జారును. తక్కిన గట్లు గట్టిగనే యున్నను, ఆ ఒక్కచోట గండిపడి చేని నీరంతయు పోవును. పలకయు అట్టిదే.

ఒక లెక్క చూతము. ఎచ్చటను కలియని రెండు దారులలో ఒకటి 6 గడులది, రెండవది 8 గడులది యనుకొందము. దినమునకు 100 బొట్లు పోవలెను. అన్నియు దగ్గరిదారినే పోయిన మొత్తము కదలికలు 600. ఆ దారిలో ప్రతి గడిపైనను భారము 100. సగము సగము పంచిన మొత్తము 700. కాని ఏ గడిపైనను భారము 50కి మించదు. గడి 1,000 మార్లు ఓర్చుననుకొన్నచో, మొదటి పద్ధతిని 10 దినములకే ఒక దారి చెడును. రెండవ పద్ధతిని 20 దినముల వరకు ఏదియు చెడదు. ఒకటి చెడిన పిదప రెండవదానికి మరలింపరాదా యని తోచవచ్చును. కాని గడి చెడినదని తరచుగా బొట్టు నిలిచిపోయిన పిదపనే తెలియును. అప్పటికి ఆ శిశువు రక్తపుబొట్టు వ్యర్థమైనట్లే.

రెండు దారులైన పంచుట సులభము. 8 వరుసలు, వరుసకు 8 గడులు గల పలకపై ఒక మూలనుండి ఎదుటి మూలకు వెనుకకు మరలక పోవు దారులు 3,432. రెండు బొట్లకైన జతలు 1,17,78,624. బొట్లు ఒకదానికొకటి దగ్గరైన కలిసిపోవును గనుక ఎడము పాటింపవలెను. బొట్లు పెరిగినకొలది అన్నిటిని సరిచూచుట కంప్యూటరునకును అసాధ్యము.

ఇచ్చట ప్రకృతి గురువగును. చీమ నడచుచు వాసన విడుచును, పొట్టిదారిని పోయినవి త్వరగా మరలివచ్చుటచే అచ్చట వాసన హెచ్చి, తక్కిన చీమలు అటే పోవును, పాతవాసన ఆరిపోవును. మార్కో డొరిగో 1992లో ఇటలీలో తన పరిశోధనగ్రంథమున దీనిని గణనవిధానముగా మలచెను. కంప్యూటరులోని కల్పితపు చీమలు ఒక్కొక్కటి ఒక్కొక్క ఏర్పాటును పన్నును. మేలైన ఏర్పాటునకు వాసన హెచ్చును. అయితే నిజపు చీమలు ఒకే బాటపై క్రమ్ముకొనును; మనకు కావలసినది దానికి విరుద్ధము. కావున దారి పొట్టిదనమునకు గాక, మిక్కిలి భారము మోయు గడికి భారము తగ్గించినందులకు వాసన నిత్తురు. బొట్టు ఆలస్యమై పరీక్ష చెడకుండ కాలపరిమితియు విధింతురు. జీవుల వంశక్రమమునుబట్టి హాలండ్ 1975లోను, పక్షులగుంపులనుబట్టి కెన్నెడీ, ఎబర్‌హార్ట్ 1995లోను తెలిపిన విధానములును ఇట్టివే. ఇవి సర్వోత్తమమైన జవాబునే ఇచ్చునను హామీ లేదు. స్వల్పకాలమున మంచి జవాబును మాత్రము సాధారణముగా ఇచ్చును.

పలక ఆయువు దాని గడుల సగటు ఆయువు కాదు. అన్నిటికంటె ఎక్కువ మోయు గడి ఆయువే. విద్యార్థులు గళ్లకాగితముపై నాలుగు బొట్లకు దారులు గీసి, ప్రతి గడిలో ఎన్నిమార్లు నడచినదో వ్రాసికొని, అందలి పెద్ద అంకెను తగ్గింప యత్నింతురు గాక. ఈ శాస్త్రమునకు అదియే ఓనమాలు.