పిల్లలకు ధ్యానము నేర్పుట ఎట్లు?

ధ్యానమనగా కన్నులు మూసికొని చాలసేపు కదలక కూర్చుండుట యని పెక్కుమంది తలంతురు. పెద్దలకే కష్టమైన ఈ పనిని ఆరేండ్ల బాలునిచే బలవంతముగా చేయించినచో వాడు నేర్చుకొనునది భయమే కాని ధ్యానము కాదు. పిల్లలకు ధ్యానము మొదట ఒక ఆటగా పరిచయము కావలెను.

ఇటలీ దేశపు విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరమున పేద పిల్లలకై శిశుగృహమును ప్రారంభించిరి. ఒకనాడామె నాలుగు మాసముల పసిపాపను ఎత్తుకొని వచ్చి, ఆ పాప ఎంత నిశ్చలముగా నున్నదో, ఎంత మెల్లగా ఊపిరి తీయుచున్నదో పిల్లలకు చూపిరి. పిల్లలు తామును అట్లే ఉండ యత్నించిరి. అదియే 'మౌనపు ఆట'గా రూపొందినది. ఆమె 1939లో మద్రాసునకు వచ్చి, అడయారులో మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి.

ఈ ఆటకు ఖర్చు లేదు. పిల్లలను చాపపై కూర్చుండబెట్టి, ఒక నిముషము మాటలాడక, చెవిని బడు చప్పుళ్ళను లెక్కింపుమనవలెను. కాకి అరుపు, వేపాకుల గలగల, దూరమున ట్రాక్టరు మ్రోత—అన్నియు లెక్కకు వచ్చును. పిదప ఉపాధ్యాయుడు గది వెలుపల నిలిచి ఒక్కొక్కరి పేరును గుసగుసగా పిలువవలెను. పేరు విన్నవారు సవ్వడి లేకుండ లేచి రావలెను.

కొన్ని దినముల పిమ్మట, పొట్టపై చేయి ఉంచుకొని ఊపిరితో అది పొంగుటను, తగ్గుటను గమనింపజేయవచ్చును. ఊపిరి బిగబట్టింపరాదు. మనసు వేరొకచోటికి పోవుట తప్పు కాదు. దానిని మరల తెచ్చుకొనుటయే అభ్యాసము. చిన్నవారికి రెండు మూడు నిముషములు చాలును.

కన్నులు మూయుటయు అవసరము కాదు. మదనపల్లె సమీపమునగల రిషివ్యాలీ పాఠశాలలో పిల్లలు సాయంకాలమున ఒకచోట చేరి మౌనముగా సూర్యాస్తమయమును తిలకించు ఆచారము కలదు. దీనిని 'అస్తాచల్' అందురు. మన ఊరి చెరువుగట్టు ఇందుకు చాలదా?

అయినను ధ్యానము సర్వరోగ నివారిణి కాదు. బ్రిటనులో 85 పాఠశాలలందు ఎనిమిది వేలకు పైబడిన విద్యార్థులతో జరిపిన పరిశీలన ఫలితములు 2022లో వెలువడినవి. తరగతిలో అందరికిని ఒకే తీరున నేర్పిన ఇట్టి శిక్షణ, మామూలు బోధనకంటె పిల్లల మానసికారోగ్యమునకు అధికమైన మేలు చేయలేదని తేలినది. పెక్కుమంది పిల్లలు ఇంటివద్ద అభ్యాసమే చేయలేదు.

కావున నిద్ర పట్టని పిల్లను, పరీక్షల పేరు చెప్పిన వణకు పిల్లవానిని 'ధ్యానము చేయు'మని వదలివేయరాదు. దగ్గర కూర్చుండి వారి మాట వినవలెను. బాధ తగ్గనిచో వైద్యునికి చూపవలెను. 2022లో ప్రారంభమైన 'టెలి మానస్' నుండి 14416 నంబరున ఉచితముగా సలహా పొందవచ్చును.

అల్లరికి శిక్షగా ధ్యానమును విధింపకుడు. సెల్‌ఫోను ప్రక్కన బెట్టి మీరును వారితో కూర్చుండుడు. పెద్దలు పాటింపని మౌనమును పిల్లలు నేర్వజాలరు.