పార్లమెంటుకు వెళ్లిన పనిమనిషి

నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒకనాడు పార్లమెంటు సంగతి వచ్చింది. వెనక వరుసలోని ఒక బాలిక లేచి, "మాస్టారూ, మా అమ్మ నాలుగిళ్లలో అంట్లు తోముతుంది. అటువంటివారు కూడా అక్కడ కూర్చోవచ్చునా?" అని అడిగింది. కొందరు కిసుక్కున నవ్వారు. నేను వారిని కసిరి, "తప్పకుండా కూర్చోవచ్చును. లోక్‌సభకు పోటీ చేసేవారు మన దేశ పౌరులై, 25 ఏళ్లు నిండి, ఓటర్ల జాబితాలో పేరు ఉన్నవారై ఉండాలి. ఇంత చదువు చదివి ఉండాలని నియమం లేదు," అన్నాను. ఆ పిల్ల కూర్చున్నది కాని, నమ్మినట్టు కనబడలేదు. ఒక్క ఉదాహరణ చెప్పి ఉంటే నమ్మేదేమో! ఆనాడు నాకు తోచని ఉదాహరణ ఈనాడు మీకు చెబుతాను.

పటం తీసి చూడండి. ఐరోపా ఖండంలో, ఉత్తరాన, స్వీడనుకూ రష్యాకూ మధ్య ఫిన్లాండ్ అనే చలిదేశం ఉన్నది. అక్కడ యోకియోయినెన్ అనే చోట 1866లో ఒక పేద రైతు ఇంట మీనా సిల్లన్‌పా పుట్టింది. మీనా అంటే మన మీనాక్షి కాదు సుమా! ఆ దేశంలోనూ ఆ పేరు ఉన్నది. అవి ఘోరమైన కరువు రోజులు. పన్నెండేళ్లకే, అంటే మీలో ఏడవ తరగతి చదివేవారి ఈడుకే, మీనా ఫోర్సా పట్టణంలోని నూలు మిల్లులో పనికి కుదిరింది. తరువాత మేకులు చేసే ఫ్యాక్టరీలో పని. ఆ పైన నగరానికి పోయి ఇళ్లలో పనిమనిషిగా చేరింది.

ఆ కాలపు పనిమనిషి యజమాని ఇంట్లోనే ఉండాలి. తెల్లవారకముందే లేచి పొయ్యి రాజెయ్యాలి. ఇంటివారంతా పడుకున్నాకనే తాను నడుము వాల్చాలి. పనిగంటలకు లెక్కే లేదు. ఇదంతా అనుభవించిన మీనా 1898లో తోటివారితో కలిసి హెల్సింకిలో పనిమనుషుల సంఘం పెట్టింది. వారికోసం పత్రిక కూడా నడిపింది.

అప్పుడు ఫిన్లాండ్ రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. 1905లో దేశమంతా సమ్మె కట్టింది. చక్రవర్తి దిగివచ్చాడు. 1906లో వచ్చిన చట్టం స్త్రీలకు కూడా పురుషులతో సమానంగా ఓటు వేసే హక్కూ, పోటీ చేసే హక్కూ ఇచ్చింది. న్యూజిలాండ్ స్త్రీలకు ఓటు 1893లోనే వచ్చిన మాట నిజమే. కాని పోటీ చేయటానికి వారు 1919 దాకా ఆగవలసి వచ్చింది.

1907 మార్చిలో ఎన్నికలు జరిగాయి. 200 స్థానాలలో 19 స్త్రీలకు దక్కాయి. ప్రపంచంలో ఒక దేశపు పార్లమెంటుకు ఎన్నికైన మొదటి స్త్రీలు వీరే. వారిలో లూసినా హాగ్‌మన్ అనే హెడ్‌మిస్ట్రెస్ ఉన్నదని చదివినప్పుడు, అదే ఉద్యోగం చేసిన నాకు కాస్త గర్వం కలిగింది. మీనా కూడా వారిలో ఒకతె. పనిమనుషుల కష్టాలను అంతకుముందు ఎవరెవరో చెప్పి ఉండవచ్చు. ఇప్పుడు ఆ పొయ్యి రాజేసిన మనిషే సభలో నిలబడి మాట్లాడింది!

ఆమె మొత్తం 38 ఏళ్లు సభ్యురాలిగా ఉన్నది. 1926లో ఆ దేశపు మొదటి మహిళా మంత్రి అయింది. ఆసరా లేని తల్లులూ పసిబిడ్డలూ తలదాచుకోవటానికి ఇళ్లు కట్టించాలని పట్టుబట్టింది. 1952లో కన్నుమూసింది. ఇప్పుడు ఏటా అక్టోబరు 1న ఆమె పేరిట అక్కడ జెండా ఎగురవేస్తారు.

2023 ఎన్నికలలో ఫిన్లాండులో 200 మందికి 92 మంది స్త్రీలు గెలిచారు. మన లోక్‌సభకు 2024లో 543 మందికి 74 మంది. ఈ లెక్క నాకు తృప్తిగా లేదు. శాతాలు మీరే కట్టి, ఇంట్లో పెద్దలకు చూపించండి.

ఆనాటి బాలిక ఇప్పుడు ఎక్కడ ఉన్నదో! ఆమె పిల్లలు ఈ పత్రిక చదివే ఈడువారై ఉంటారు.