మన యూర రైలు నిలువవలెనన్న

వికారాబాదునుండి తాండూరు వఱకు రైలుదారి ప్రక్కనున్న గ్రామములలో ఒక కోరిక కొంతకాలముగ వినబడుచున్నది. హైదరాబాదు నగరమున తిరుగు ఎం.ఎం.టి.ఎస్. బండ్లను లింగంపల్లి దాటించి వికారాబాదు వఱకు పొడిగింపవలెననియు, నడుమనున్న గ్రామములకు క్రొత్త స్టేషన్లు కావలెననియు ఆ కోరిక. కోరిక న్యాయమైనదే. కాని స్టేషను మాట పుట్టినచోట దానివెంటనే వదంతియు పుట్టును. వదంతి వెంట భూముల బేరగాండ్రు వత్తురు. స్టేషను ఎట్లు నిర్ణయింపబడునో, ఎట్లు తెఱవబడునో యెఱిగిన రైతు తన కోరికను సరియైన తీరున నడపగలడు. వదంతికి లోబడి నేలను పోగొట్టుకొనడు. కావున ఆ క్రమమును సంఘ సభ్యులకు విశదపఱచుటకై యీ వ్యాసము వ్రాయబడుచున్నది.

పాత దారి, క్రొత్త బండి

సికింద్రాబాదునుండి వాడి జంక్షను వఱకు గల మన మార్గము నిజాము పాలనలో 1874 సంవత్సరమున తెఱవబడినది. ఆనాటి బండ్లు ఆవిరి యంత్రములతో నడచెడివి. అట్టి బండి నిలిచిన పిమ్మట మరల వేగమందుకొనుటకు చాల సేపు పట్టును. కావున అడుగడుగున నిలుపుట సాధ్యము కాదు. స్టేషన్లు దూరదూరముగ నుండెడివి. విద్యుత్తుతో నడచు శివారు బండి తీరు వేఱు. అది త్వరగా నిలుచును, త్వరగా కదలును. అందుచేత రెండు మూడు కిలోమీటర్లకొక స్టేషను పెట్టినను అది తన కాలమును కాపాడుకొనగలదు. మన దేశమున మొదటి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3వ తేదీన బొంబాయిలో విక్టోరియా టెర్మినస్, కుర్లా స్టేషన్ల నడుమ నడచినది. హైదరాబాదులో ఎం.ఎం.టి.ఎస్. 2003 ఆగస్టు 9వ తేదీన మొదలైనది. మన మార్గముపైననే భరత్‌నగర్, బోరబండ, హైటెక్ సిటీ మొదలగు స్టేషన్లు అప్పుడు వెలసినవి. ఇపుడు మన దారియంతయు విద్యుదీకరణమైనది గనుక విద్యుత్తు లేదను అడ్డంకి తొలగినది. తక్కిన అడ్డంకులెవ్వియో చూతము.

నేల వాలు

బరువుబండిని వాలునందు నిలిపినపుడు చక్రము వెనుక రాయి పెట్టుట మనమందఱ మెఱిగిన పని. రైలునకును అదే న్యాయము. రైల్వే నిబంధనల ప్రకారము స్టేషను ఆవరణలో వాలు 400 అడుగుల దూరమునకు ఒక అడుగునకు మించరాదు. 1200 అడుగులకు ఒక అడుగైనచో మంచిది. అంతకు మించి వాలుగ నున్నచో ప్రత్యేకమైన అనుమతి కావలెను.

మన ప్రాంతమునకు ఈ నియమము ముఖ్యము. మూసీనది అనంతగిరి గుట్టలలో పుట్టి తూర్పుగా హైదరాబాదునకు పాఱుచున్నది. కాగ్నానది తాండూరు మీదుగ సాగి భీమానదిలో కలియుచున్నది. నీళ్లు రెండు వైపులకు పాఱుచున్నవనగా వికారాబాదు ప్రాంతము మిట్టయని తెలియుచున్నది. కాబట్టి దారి ఆ మిట్ట నెక్కి దిగవలసియున్నది. ఊరికి దగ్గరగ నున్నంతమాత్రమున ఒకచోటు స్టేషనునకు తగినది కాదు. అక్కడ దారి చదునుగ, తిన్నగ నుండవలెను. ఒక గ్రామమును విడిచి ప్రక్క గ్రామమున స్టేషను పెట్టినపుడు అది పక్షపాతమని తలచుటకు ముందు నేల వాలును చూడవలెను.

తలల లెక్క

రెండవది ప్రయాణికుల లెక్క. బండి యొకచోట నిలిచినచో పోవునది అచ్చట నిలిచియుండు కాలము మాత్రమే కాదు. వేగము తగ్గించుటకును, మరల హెచ్చించుటకును పట్టు కాలము దానికి తోడగును. వెనుక వచ్చు ఎక్స్‌ప్రెస్సులు, గూడ్సు బండ్లు ఆగవలసివచ్చును. ఆ నష్టమునకు తగిన జనము అచ్చట ఎక్కుదురా యని రైల్వేవారు విచారింతురు.

మొదట లభింపగల్గునది సాధారణముగ హాల్టు. హాల్టునందు ప్లాటుఫారము, చిన్న గది, దీపములు, టిక్కెట్ల యేర్పాటు ఉండును. పెక్కుచోట్ల రైల్వే ఉద్యోగికి మాఱుగ, కమీషనుపై నియమింపబడిన ఏజెంటు టిక్కెట్లు విక్రయించును. 2017లో చేసిన వర్గీకరణ ప్రకారము హాల్టులు మూడు తరగతులు: ఏడాదికి 3 లక్షలకు పైగ జనమెక్కునవి, 1 లక్ష మొదలు 3 లక్షల వఱకు ఎక్కునవి, 1 లక్షకు లోపలివి. దీనిని దినపు లెక్కకు మార్చినచో 1 లక్ష యనగా దినమునకు సుమారు 274 మంది. 3 లక్షలనగా సుమారు 822 మంది. వీరందఱును టిక్కెట్టు కొన్నవారు కావలెను. టిక్కెట్టు లేక ప్రయాణము చేయువాడు తన యూరి హాల్టునకు తానే కీడు చేయుచున్నాడు. ఏలయన అతడు బండిలో నున్నను లెక్కలో లేడు. రాబడి లేని హాల్టులను రైల్వేవారు మూసివేయుటయు కలదు.

ధనము, కాలము

ఎం.ఎం.టి.ఎస్. రెండవ దశ 2012–13లో మంజూరైనది. అంచనా సుమారు 816 కోట్ల రూపాయలు. అందులో మూడింట రెండు వంతులు రాష్ట్ర ప్రభుత్వమును, ఒక వంతు రైల్వేయును భరింపవలెనని ఒప్పందము. వాటా ధనము చేరుటలో జాప్యము, రక్షణశాఖవారి భూములగుండ పోవు దారికి అనుమతుల చిక్కు మున్నగు కారణములచే పనులు సాగిలబడినవి. రెండవ దశకు చెందిన బండ్లు కొన్ని 2023 ఏప్రిల్ 8వ తేదీన ప్రారంభమైనవి. సనత్‌నగర్ – మౌలాలి మార్గమున ఫిరోజ్‌గూడ, సుచిత్ర సెంటర్, భూదేవినగర్, అమ్ముగూడ, నేరెడ్‌మెట్, మౌలాలి హౌసింగ్ బోర్డు అను ఆఱు క్రొత్త స్టేషన్లతో 2024 మార్చి 5వ తేదీన ఘటకేసరు – లింగంపల్లి బండి మొదలైనది.

మంజూరునకును మొదటి బండికిని నడుమ పదునొకండేండ్లు గడచినవని గుర్తింపవలెను. అది మహానగరమున, ఇరువురు సమర్థులైన భాగస్వాముల నడుమ జరిగిన పని. వాటాధనము సకాలమున చేరనిచో సంఘపు గిడ్డంగి గోడలు ఎట్లు సగములో నిలుచునో సహకార సభ్యులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

తెఱచు విధము

ప్లాటుఫారము ఎత్తు, పట్టాలనుండి దాని యెడము అన్నియు కొలతల ప్రకారము ఉండవలెను. ఎత్తైన ప్లాటుఫారము పట్టాల మట్టమునకు 760 మొదలు 840 మిల్లీమీటర్ల ఎత్తున నుండవలెను. ఎత్తు తక్కువైనచో ముసలివారికిని, తలపై గంపలుగల స్త్రీలకును ఎక్కుట కష్టము. క్రొత్తదారిని ప్రయాణికులకు తెఱచుటకు ముందు రైల్వే భద్రతా కమిషనరు తనిఖీ చేయవలెనని 1989 నాటి రైల్వే చట్టము విధించుచున్నది. ఈ కమిషనరు రైల్వేశాఖకు లోబడినవాడు కాక పౌరవిమానయాన శాఖ క్రింద నుండుట గమనింపదగినది. పని చేసినవారే పనిని మెచ్చుకొనరాదను నీతి ఇందు గలదు. మన సంఘము లెక్కలను బయటి ఆడిటరు తనిఖీ చేయుటయు ఇట్టిదే.

భూమి మాట

రైతు మిక్కిలి జాగరూకత వహింపవలసినది యిచ్చట. పాత దారిపై పెట్టు చిన్న హాల్టునకు పెక్కుమాఱులు రైల్వే స్వంత భూమియే చాలును. కావున "స్టేషను క్రింద నీ పొలము పోవును, ముందే అమ్ముకొనుము" అని యెవరైన భయపెట్టినచో నమ్మరాదు. "స్టేషను వచ్చినచో ధర పదింతలగును" అను ఆశతో అప్పుచేసి కొనుటయు అంతే ప్రమాదము. పదునొకండేండ్ల వడ్డీని ఏ కందిపంటయు తీర్పజాలదు.

నిజముగ సేకరణ జరిగినచో, 2013 నాటి భూసేకరణ చట్టము ప్రకారము గ్రామములలో మార్కెటు విలువను 1 మొదలు 2 వఱకు గల గుణకముచే హెచ్చించి, అంతియే మొత్తమును పరిహారముపై అదనముగ నియ్యవలెను. అనగా గుణకము 1 అయినను, ఎకరము విలువ 10 లక్షలని తేలినచో 20 లక్షలు రావలెను. ఆ విలువను నిర్ణయించుటలో ఆ ప్రాంతమున గడచిన మూడేండ్లలో రిజిస్టరైన దస్తావేజుల ధరలను చూతురు. స్టాంపుల రుసుము తగ్గునని దస్తావేజులో తక్కువ ధర వ్రాయించు ఆచారము పెక్కు గ్రామములలో నున్నది. ఈనాడు ఒకడు వేలల్లో మిగిల్చుకొనినది రేపు ఊరి రైతులందఱి పరిహారమునుండి లక్షలను తఱిగించును.

సంఘము చేయవలసినది

శివారు బండి మనుష్యులను మోయును. కందుల బస్తాలను మోయదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినను, ఆ పంట లారీలలోను, గూడ్సు బండ్లలోను పోవలసినదే. హాల్టువలన మేలు పొందువారు కూలికిని చదువునకును నగరమునకు పోవువారు, ఆసుపత్రికి పోవు రోగులు, గంపెడు కూరగాయలు, పూలు విక్రయించు చిన్నరైతులు. అర్జీలో ఈ నిజమునే వ్రాయవలెను.

అర్జీకి ముందు సంఘము ఒక పుస్తకము తెఱవవలెను. దారికి మూడు కిలోమీటర్ల లోపలి ప్రతి గ్రామమునుండి దినమున కెందఱు, ఏ వేళకు, ఎచ్చటికి పోవుచున్నారో, బస్సునకో ఆటోకో యెంత ఇచ్చుచున్నారో ఒక నెల దినములు వ్రాయవలెను. సంతదినమును, సెలవుదినమును వేఱుగ చూపవలెను. వేకువన కూరగాయల అంగడికి అందు బండి కావలెనో, తొమ్మిది గంటలకు కచ్చేరికి చేర్చు బండి కావలెనో తేల్చుకొనవలెను; వేళగాని వేళ నిలుచు బండి ఉండియు లేనట్లే. ఊరినుండి ప్లాటుఫారమునకు వానకాలమున నడువదగిన బాట పంచాయతీ వేయగలదా యని ముందుగనే తీర్మానము చేయింపవలెను. ఇప్పుడు బండి యెక్కుచున్నవారు నెల టిక్కెట్టు తీసికొనవలెను; అది 150 కిలోమీటర్ల దూరము వఱకు దొరకును గనుక తాండూరు – సికింద్రాబాదు ప్రయాణమునకును చెల్లును. ప్రతి టిక్కెట్టును మన పక్షమున పలుకు సాక్షి.

సంతకములు వేయి గల అర్జీకన్న నెల దినముల లెక్కగల పుస్తకము బలమైనది. రాబోవు సర్వసభ్య సమావేశమున ఒక్కొక్క గ్రామమునకు ఒక యువకుని ఈ లెక్కకు నియమించినచో, పంట కోతలు ముగియునప్పటికి పుస్తకము సిద్ధము కాగలదు. అంతవఱకు పొలము గట్టును, దస్తావేజును భద్రముగ కాపాడుకొనుడు.