వృద్ధులు మెచ్చు డాక్యుమెంటరీ చిత్రములు: హోసూరు, కృష్ణగిరి సీమల తెలుగువారికొక సూచన

కథాచిత్రము కల్పితమును నిజమువలె చూపును. డాక్యుమెంటరీ జరిగినదానిని, ఉన్నదానిని చూపును. ఫ్లాహర్టీ తీసిన 'మోవానా' అను చిత్రమును 1926లో సమీక్షించుచు జాన్ గ్రియర్సన్ ఈ పదమును వాడినప్పటినుండి దానికి ప్రచారము కలిగెను. వృద్ధులు ఇట్టి చిత్రములను ఏల మెచ్చుదురు? హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు పెద్దలకు ఎట్టివి తగును? వానివలన మన సంఘములకు కలుగు మేలేమి? ఈ మూడింటిని విచారించుటే ఈ వ్యాసోద్దేశము.

డాక్యుమెంటరీ మన పెద్దలకు క్రొత్త వస్తువు కాదు. 1948లో భారతప్రభుత్వము బొంబాయిలో ఫిలిమ్స్ డివిజన్‌ను స్థాపించెను. లైసెన్సు నిబంధనలను బట్టి సినిమాహాళ్లవారు అసలు చిత్రమునకు ముందు ఒక వార్తాచిత్రమునో, డాక్యుమెంటరీనో ప్రదర్శింపవలసియుండెను. వాని వ్యాఖ్యానములు తెలుగుతో సహా పలు భాషలలో వెలువడెడివి. పల్లెనుండి బండి కట్టుకొని సినిమాకు పోయినవారు దూరదేశపు వరదలను, కర్మాగారములను, నాయకుల పర్యటనలను మొదట చూచినది ఆ తెరమీదనే. ఆ సంస్థ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థయందు విలీనమయ్యెను.

వార్ధక్యమున గతమును పదేపదే తలచుకొనుట చాదస్తమని పలువురు తలంతురు. అది చాదస్తము కాదనియు, గడచిన జీవితమును సరిచూచుకొను సహజవ్యాపారమనియు అమెరికా మానసికవైద్యుడు రాబర్టు బట్లర్ 1963లో ప్రతిపాదించెను. పాత డాక్యుమెంటరీ ఈ వ్యాపారమునకు ఊతకోల వంటిది. తెరపై కపిల తోలు దృశ్యము కనబడినచో, చిన్ననాట కపిల తోలిన ముసలి రైతు ఊరకుండలేడు. ఆ మోకుకు, ఆ తోలుతిత్తికి తన యూర ఏమి పేరో చెప్పును. వ్యాఖ్యాత పొరపడిన తావున దిద్దును. చూచువాడు చెప్పువాడగుటయే ఇందలి విశేషము.

మన సీమ స్థితి కొంత విలక్షణమైనది. ఇచట తెలుగు, తమిళము, కన్నడము కలిసి మెలగుచున్నవి. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రమునందే నిలిచెను. సేలము జిల్లానుండి 1965లో ధర్మపురి జిల్లాకు, అందుండి 2004లో కృష్ణగిరి జిల్లాకు మారెను. 2006 నాటి తమిళనాడు చట్టము పాఠశాలలలో తమిళమును క్రమక్రమముగా విధిగా నేర్పవలెనని శాసించెను. ఇంట తెలుగు మాటాడుచు తెలుగక్షరములు ఎరుగనివారు పెద్దలలోను కలరు, పిన్నలలోను కలరు. అట్టివారికి పుస్తకము మూగది. తెరక్రింద అచ్చువేసిన వాక్యములును నిరుపయోగములే. చెవికి వినవచ్చు తెలుగు వ్యాఖ్యానమే వారికి గ్రంథము.

ఇక ఎట్టి చిత్రములు తగునన్నచో, మూడు తెగలను పేర్కొనవచ్చును. మొదటిది మహాపురుషుల చరిత్ర. ఎ. కె. చెట్టియారు పలు దేశములు తిరిగి సేకరించిన దృశ్యములతో గాంధీజీపై 1940లో తమిళ వ్యాఖ్యానముతో చిత్రము వెలువరించెను; పిదప దానికి తెలుగు వ్యాఖ్యానమును కూర్చిరి. విఠల్‌భాయి ఝవేరి 1968లో నిర్మించిన గాంధీచరిత్ర ఐదుగంటలకు పైబడినది; దానిని కొన్ని దినములకు పంచి చూపుట మేలు. హోసూరు చెంతనున్న తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ కనిపించు వార్తాచిత్రములును ఈ తెగలోనివే.

రెండవది సేద్యము, నీటివనరులు, చేతివృత్తుల చిత్రములు. పెన్నేటిపై కృష్ణగిరి ఆనకట్ట 1950ల దశకమున కట్టబడినది. ఏ ఆనకట్ట చిత్రము చూచినను ఆనాటి పెద్దలకు ఈ ఆనకట్టయే జ్ఞప్తికి వచ్చును. రాగిచేలు, మామిడితోటలు నిండిన ఈ నేలపై 1970ల నుండి హోసూరున పారిశ్రామికవాడ పెరిగిన తీరును కన్నులార చూచినవారు వారే.

మూడవది సామాన్యుల మాటలతో అల్లిన చిత్రము. ఎస్. ఎన్. ఎస్. శాస్త్రి 1967లో తీసిన 'ఐ యామ్ ట్వంటీ' ఇందుకు ఉత్తమోదాహరణము. స్వాతంత్ర్యము వచ్చిన నాడు పుట్టి ఇరువదేండ్లు నిండిన యువజనులను కలిసికొని, వారి ఆశలను, అసంతృప్తులను వారి నోటనే పలికించెను. ఆనాటి ఇరువదేండ్లవారు నేడు ఎనుబదికి చేరువైనవారు. మన పెద్దలు అందు తమ యీడువారినే చూతురు. ఆంగ్లము, హిందీ వినవచ్చుచోట ఒకరు ప్రక్కన కూర్చుండి తెలుగున చెప్పవలెను.

ప్రదర్శనకు గొప్ప ఏర్పాట్లు అక్కరలేదు. వేళ పగటిపూట కావలెను. చిత్రము అరగంటకు మించరాదు. మాట స్పష్టముగా వినబడవలెను. వీపానుటకు వీలైన కుర్చీలు వేయవలెను. మనుమలను కూడ పిలువవలెను. చిత్రము ముగిసినంతనే దీపములు వెలిగించి లేచిపోరాదు. చిత్రమునకెంత కాలమో సంభాషణకును అంత కాలము కేటాయింపవలెను. ఆ మాటలను, వారి యనుమతితో, చెప్పినవారి పేరు, ఊరు, తేదీలతో చేతిఫోనునందే నమోదు చేయవచ్చును.

ఇదియే నా ముఖ్యాభిప్రాయము. ఫిలిమ్స్ డివిజన్ చిత్రములు పోయినను వేరొకచోట ప్రతి దొరకవచ్చును. మన యూరి కపిల మోకు పేరు, కరవునాటి అంబలి రుచి, ఆనకట్టకు మట్టి మోసిన కూలివాని మాట ఒక్క ప్రతిగానే ఉన్నవి. ఆ ప్రతి ఎనుబదేండ్ల మనిషి. పెద్దలకు ప్రీతికరమైన చిత్రమును చూపుట సేవ. దానిని చూచి వారు చెప్పినదానిని నిలుపుట మన ఋణము. ప్రతి తెలుగు సంఘమును నెలకొక మధ్యాహ్నమును ఇందుకు వినియోగించినచో, మొరసునాటి తెలుగువారి చిత్రమును వారే పూర్తిచేయుదురు.