సాంచాల సందుల్లో సృజన
అద్దాల మేడల్లేవు, అంకుర సంస్థల హడావుడి లేదు. అయినా సూరత్‌లో కొత్త యంత్రం పుకారులా పాకిపోతుంది. ఆ కిటుకేమిటో, అందులో లోపమేమిటో వరంగల్ జౌళి పార్కు తెలుసుకోవాల్సిందే

సూరత్ నగరానికి ఆగ్నేయ కొసన, ఉధనా దాటాక వస్తుంది డిండోలి. ఒకదాన్నొకటి ఆనుకుని లేచిన ఇరుకిరుకు ఇళ్లు. గుజరాతీ, మరాఠీ, హిందీల నడుమ తెలంగాణ యాస తెలుగు. పక్కనున్న లింబాయత్‌లో ఆ యాస మరింత గట్టిగా వినిపిస్తుంది. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి దశాబ్దాల క్రితమే వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ పేటల్లో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోందంటే వారి సంఖ్యను ఊహించుకోవచ్చు. వారి నోట మరమగ్గం పేరు సాంచ. సాధారణంగా షిఫ్టు 12 గంటలు. కూలీ మీటర్ల లెక్కన.

ఇలాంటి చోటును టెక్నాలజీ కేంద్రమంటే హైదరాబాద్ హైటెక్ సిటీలో నవ్వుతారేమో. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచీ తెలుగువారికి టెక్నాలజీ అంటే కంప్యూటరే. 2015లో టి-హబ్, 2022లో దాని రెండో భవనం వచ్చాక నూతన ఆవిష్కరణ అనేది ఒక చిరునామా ఉన్న వస్తువైపోయింది. కానీ కొత్త పరిజ్ఞానం ఎక్కడ పుట్టిందన్న దానికన్నా ఎంత వేగంగా చేతులు మారిందన్నదే ఒక పారిశ్రామిక కేంద్రానికి అసలు పరీక్ష. ఆ పరీక్షలో సూరత్‌కు మంచి మార్కులే పడతాయి.

షటిల్‌తో నడిచే పాత సాంచ నిమిషానికి సుమారు 150 పేక పోగులు వేస్తుంది. వాటర్‌జెట్ మగ్గంలో షటిల్ ఉండదు. సన్నని నీటి ధారే పోగును పడుగు మధ్య నుంచి ఈడ్చుకెళ్తుంది. వేగం నిమిషానికి 600 పోగులకు పైమాటే. అయితే ఈ మగ్గం నీరు పీల్చే నూలుకు పనికిరాదు, పాలియెస్టర్ లాంటి దారానికే సరిపోతుంది. సూరత్ నేసేది ప్రధానంగా ఆ దారమే. 1990ల్లో సమీపంలోని హజీరాలో రిలయన్స్ భారీ పెట్రోకెమికల్ సముదాయం రావడంతో ముడిసరుకు గుమ్మం ముందుకొచ్చింది. 1999లో కేంద్రం ప్రవేశపెట్టిన టెక్నాలజీ ఉన్నతీకరణ నిధి పథకం కొత్త యంత్రాల రుణాలపై వడ్డీలో అయిదు శాతం భారం మోసింది. వాడేసిన విదేశీ యంత్రాలు, తర్వాత చౌక చైనా యంత్రాలు దిగాయి. కంప్యూటర్‌తో నడిచే ఎంబ్రాయిడరీ యంత్రాలదీ అదే దారి.

గాలిలో విద్య

ముడిసరుకు, రుణం, యంత్రం ఇతర పట్టణాలకూ దొరుకుతాయి. సూరత్ ప్రత్యేకత ఆ తర్వాతి అంకంలో ఉంది. యంత్రం ఆగిపోతే దాన్ని విప్పి చూసే మాస్టర్ పక్క వీధిలోనే ఉంటాడు. విరిగిన భాగాన్ని చూసి అలాంటిదే చేసిచ్చే వర్క్‌షాపు నాలుగడుగుల దూరంలో ఉంటుంది. ఈ కార్ఖానాలో నేర్చుకున్న మెలకువ వచ్చే నెల ఇంకో కార్ఖానాకు వెళ్తుంది, ఎందుకంటే దాన్ని నేర్చిన మనిషే అక్కడికి మారతాడు. ఒక రకం చీర రింగ్ రోడ్డు మార్కెట్లలో నిలదొక్కుకుంటే చాలు, కొద్ది రోజుల్లోనే దాని పోలికలు పదిచోట్ల తయారవుతాయి. కాపీ కొట్టడమని దీన్ని ఈసడించుకోవచ్చు. పరిజ్ఞానం వ్యాపించడమంటే ఆచరణలో ఇదే.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఒకే రకం పనివాళ్లు ఒకచోట గుమిగూడినప్పుడు వృత్తి రహస్యాలు రహస్యాలుగా మిగలవని, గాలిలోనే ఉన్నట్టుగా పిల్లలకు సైతం అబ్బుతాయని ఆంగ్ల ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే గమనించారు. 1994లో అనలీ సాక్సేనియన్ అనే పరిశోధకురాలు అమెరికాలోని రెండు కేంద్రాలను పోల్చి చూశారు. కాలిఫోర్నియాలోని సిలికాన్ వ్యాలీ ముందుకు దూసుకెళ్లింది, బోస్టన్ చుట్టుపక్కల కంపెనీలు వెనకబడ్డాయి. డబ్బు, చదువు రెండు చోట్లా ఉన్నాయి. తేడా కంపెనీ సంస్కృతిలో ఉందని ఆమె తేల్చారు. ఒకచోట ఇంజనీర్లు కంపెనీలు మారుతూ, పోటీదారులతోనూ ముచ్చటిస్తూ ఉండేవారు. రెండోచోట ఎవరి గోడల మధ్య వారు ఉండిపోయారు. ఆ లెక్కన సూరత్ మగ్గాల పేటలు సిలికాన్ వ్యాలీకి దూరపు చుట్టాలే.

దీనికి తోడు అరువు. సూరత్‌లో సరుకు దలాళ్ల మాట మీద, నెలల గడువు మీద చేతులు మారుతుంది. వజ్రాల వ్యాపారంలోనైతే అంగడియాలు విలువైన పొట్లాలను నమ్మకం మీదే ఊళ్లు దాటిస్తారు. నమ్మకమున్నచోట కొత్త ప్రయత్నం చేయడానికి బ్యాంకు అనుమతి కోసం ఆగనక్కర్లేదు. ఒకటి విఫలమైనా మరోటి మొదలుపెట్టే వీలుంటుంది.

ప్లేగు నేర్పిన పాఠం

నమ్మకం ఒక్కటే ఊరిని నిలబెట్టదు. 1994 సెప్టెంబరులో సూరత్‌ను ప్లేగు భయం కుదిపేసింది. లక్షల మంది రైళ్లకెక్కి పారిపోయారు. మగ్గాలు ఆగాయి. మురుగు పారని నగరంలో ఎంత చురుకైన పరిశ్రమ అయినా వారంలో మూతపడగలదని తేలిపోయింది. 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. రావు నగరాన్ని ఆరు జోన్లుగా విడదీశారు. ప్రతి జోన్‌కూ కమిషనర్ స్థాయి అధికారాలిచ్చారు. అధికారులు ఉదయం పూట ఏసీ గదులు వదిలి వీధుల్లో తిరగాలన్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి దేశంలోకెల్లా శుభ్రమైన నగరాల్లో చండీగఢ్ తర్వాతి స్థానం సూరత్‌దేనని ‘ఇన్‌టాక్’ సంస్థ ప్రకటించింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ మొదటి స్థానంలో నిలిచింది.

రావు చేసినదాన్ని ఒక్క ముక్కలో చెప్పాలంటే, నిర్ణయాన్ని సమస్య ఉన్నచోటికి దించారు. మంచి కంపెనీ సంస్కృతికీ అంతకుమించిన నిర్వచనం లేదు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా సూరత్‌లోనే ఉంది. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది ఈ నగరం చేతుల మీదుగానే వెళ్తాయని అంచనా. ఆ గర్వంతో ఖజోద్‌లో నాలుగు వేలకు పైగా కార్యాలయాలతో డైమండ్ బోర్స్ కట్టారు. 2023 డిసెంబరులో ప్రధాని ప్రారంభించారు. వైశాల్యంలో అమెరికా పెంటగాన్‌ను మించిన భవనమిది. కానీ ముంబై వ్యాపారులు అంత తేలిగ్గా కదల్లేదు. వ్యాపారం అలవాటైన మనుషుల చుట్టూ తిరుగుతుంది, గోడల చుట్టూ కాదు. టవర్లు కట్టడమే విధానమనుకునే ప్రభుత్వాలు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

అనుకరణకూ ఒక హద్దుంది. ప్రయోగశాలలో పెంచే వజ్రాల్లోనూ సూరత్ ముందుంది. 2023లో ప్రధాని మోదీ అమెరికాలో జిల్ బైడెన్‌కు బహూకరించిన 7.5 క్యారట్ల వజ్రం అలాంటిదే. కానీ ఆ వజ్రాన్ని పెంచే విత్తనాలు, యంత్రాల కోసం దిగుమతులపై ఆధారపడడం తగ్గించడానికి అదే ఏడాది కేంద్రం ఐఐటీ మద్రాసుకు అయిదేళ్లలో సుమారు 243 కోట్ల రూపాయలు కేటాయించాల్సి వచ్చింది. వీధిలో యంత్రాన్ని బాగుచేసే నేర్పు వేరు, దాన్ని పుట్టించే శాస్త్రం వేరు. ఒక కేంద్రానికి రెండూ కావాలి.

మీటరు కూలీకి చెవి ఏది?

ఇక అసలు లోపం. యంత్రం ఎక్కడ మొరాయిస్తుందో, ఏ దారం ఏ తేమలో తెగుతుందో అందరికన్నా ముందు తెలిసేది దాని ముందు నిలబడే మనిషికే. కానీ సాంచాల లోకంలో అతని పేరు తరచూ ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఒప్పందం నోటిమాట. యంత్రం వేగం పెరిగితే ఒక్కొక్కరు చూసుకోవాల్సిన మగ్గాలు పెరుగుతాయి గానీ, లాభంలో వాటా రాదు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ సూరత్ వలస కార్మికులు ఇళ్లకు పంపమంటూ వీధుల్లోకి వచ్చినప్పుడు ఈ గుట్టు దేశమంతా చూసింది. అరువు నడిపించే నమ్మకం సేట్ల మధ్యనే ఆగిపోయింది, కార్ఖానా గడప దాటి లోపలికి రాలేదు. కొందరు తెలుగువారు యజమానులయ్యారు. తలలు వంచి మగ్గాల ముందు నిలబడ్డవారే ఎక్కువ.

పనివాడి తలలోంచి ఏం పుట్టగలదో తెలియాలంటే ఆలేరు దగ్గరి శారాజీపేట వెళ్లాలి. పోచంపల్లి తరహా చీర కోసం ఆసు పోసేటప్పుడు ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, బడి మధ్యలోనే మానేసిన చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశారు. గంటల తరబడి సాగే పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. విశేషమేమిటంటే, ఇలాంటి పల్లె ఆవిష్కర్తలకు గుర్తింపు, పేటెంటు తోడ్పాటు అందించే నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ 2000లో పుట్టింది గుజరాత్‌లోనే. మల్లేశం చేసింది తన ఇంటి పని కోసం. మీటరు కూలీపై పనిచేస్తూ ఆలోచన చెబితే వినే చెవి లేనిచోట మరో మల్లేశం ఉన్నా బయటపడడు.

తిరుగు ప్రయాణమా?

ఈ చర్చ తెలుగువారికి ఎందుకంటే, వరంగల్ వద్ద కాకతీయ మెగా జౌళి పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్, భివండి, షోలాపూర్ వెళ్లిన నేతన్నలు తిరిగి రావాలన్నదే ప్రభుత్వం చెప్పిన లక్ష్యం. 2023 మార్చిలో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర పార్కుల్లో వరంగల్ పేరుంది. సూరత్ పక్కనున్న నవసారి పేరూ ఉంది. అంటే పోటీ నేరుగా మొదలైంది.

వరంగల్‌లో కిటెక్స్, యంగ్‌వన్ లాంటి పెద్ద సంస్థలు అడుగుపెట్టాయి. ఉద్యోగాల దృష్ట్యా మంచిదే. కానీ నాలుగు గోడల మధ్య నడిచే పెద్ద ఫ్యాక్టరీలు ఒక్కటే ఉంటే విద్య గాలిలోకి రాదు. వాటి చుట్టూ విడిభాగాల దుకాణాలు, మరమ్మతు చేసే మాస్టర్లు, చిన్న షెడ్లు, వారికి అప్పిచ్చే బ్యాంకులు పెరగాలి. సిరిసిల్ల కోసం రూపొందించిన ‘వర్కర్ టు ఓనర్’ పథకం వెనక ఉన్న ఆలోచన, అంటే సాంచ నడిపేవాడే దాని యజమాని కావడం, పార్కులోకీ రావాలి.

డిండోలి కుటుంబాలు ఇవన్నీ చూసే తేల్చుకుంటాయి. పిల్లలు సూరత్‌లోనే పుట్టారు, కొందరికి తెలుగు చదవడం కూడా రాదు. స్వగ్రామంపై మమకారం ఒక్కటే వారిని రైలెక్కించదు. అక్కడా 12 గంటల షిఫ్టు, మీటరు కూలీయే అయితే ఉన్నచోటే నయం. వరంగల్ వారికి ఇవ్వాల్సింది సూరత్ ఇవ్వనిది, అంటే తమ చేతి నేర్పులో తమకో వాటా. అదిస్తే వచ్చేవారు ఒట్టి చేతులతో రారు. దేశంలోకెల్లా చురుకైన మగ్గాల బజారులో రెండు తరాలు నేర్చిన విద్యను వెంట తెస్తారు.